గసగసమంత పిడుదు

పాడిపశువుల మధ్య పెరిగినవాళ్లకు పిడుదును పరిచయం చేయనక్కర్లేదు. గేదె పొదుగు పక్కన, కుక్క చెవి వెనక, నెత్తురు తాగి తాగి ఆముదపు గింజలా ఉబ్బి కదలకుండా అంటుకుపోయే జీవి అది. కొన్ని ప్రాంతాల్లో గోమారి అంటారు. ఆముదపు గింజతో పోలిక మనకొక్కరికే తట్టిన ఊహ కాదు. లాటిన్‌లో రిసినస్ అంటే పిడుదు. గింజ అచ్చం పిడుదులా ఉంటుందని ఆముదం చెట్టుకూ అదే పేరు వచ్చింది. అందుకే ఇవాళ్టికీ ఆముదం చెట్టు శాస్త్రనామం రిసినస్ కమ్యూనిస్, యూరప్ అడవుల్లో మనుషులను పట్టే పిడుదు శాస్త్రనామం ఇక్సోడిస్ రిసినస్. అయితే పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి గురించి ఆలోచించేటప్పుడు ఈ పోలిక మనల్ని దారి తప్పిస్తుంది. ఆముదపు గింజంత అయిన పిడుదు ఎవరి కంటికైనా ఆనుతుంది. మనుషులకు ఈ జబ్బును ఎక్కువగా అంటించేది గసగసమంత ఉండే పిల్ల పిడుదు. అది ఒంటిమీద కనబడినా పుట్టుమచ్చ అనో, మట్టి చుక్క అనో అనుకుని వదిలేస్తాం.

ఆ గసగసం తారసపడే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లలో అడవి బాటల్లో, పొలాల గట్ల వెంట పరిగెత్తేవాళ్లు ముందుంటారు. అమెరికాలో న్యూజెర్సీ, కనెక్టికట్, మసాచుసెట్స్, పెన్సిల్వేనియా వంటి ఈశాన్య రాష్ట్రాలు, బ్రిటన్‌లో దక్షిణ ఇంగ్లండ్ అడవులు, స్కాట్లండ్ కొండలు, మధ్య యూరప్‌లో స్విట్జర్లండ్, జర్మనీ, ఆస్ట్రియా అడవులు ఈ జబ్బుకు పేరుపడ్డ చోట్లు. ఈశాన్య అమెరికాలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఇంటి వెనకే అడవి మొదలయ్యే ఊళ్లు అక్కడ ఎన్నో. అలాంటి చోట పొద్దున్నే పరుగుకు వెళ్లే మనిషికి రెండు రకాల సలహాలు వినబడతాయి. అడవి వైపు వెళ్లనే వద్దనేది ఒకటి. ఇన్నేళ్లలో మాకేం కాలేదు, నీకూ ఏం కాదనేది రెండోది. ఈ రెండూ ప్రమాదాన్ని తప్పు చోట వెతుకుతున్నాయని ఈ అధ్యాయం వాదన. పరిగెత్తిన దూరం కంటే, పరుగు ముగిశాక గడిచే గంటలే ఈ జబ్బులో ఎక్కువ లెక్కకొస్తాయి. ఆ గంటలు మన చేతిలో ఉన్నవి.

ఊరి పేరు జబ్బుకు

1970ల్లో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్, ఓల్డ్ లైమ్, ఈస్ట్ హాడమ్ అనే మూడు పక్కపక్క ఊళ్లలో పిల్లలకు మోకాళ్లు వాచిపోవడం మొదలైంది. చిన్నపిల్లల్లో అరుదుగా వచ్చే కీళ్లవాతమని వైద్యులు చెబుతూ వచ్చారు. అంత అరుదైన జబ్బు ఒకే వీధిలో ఇంతమందికి ఎలా వస్తుందన్న ప్రశ్నను పట్టుకున్నది ఇద్దరు తల్లులు. వారిలో పాలీ మర్రే తన ఇంట్లోవాళ్లకూ చుట్టుపక్కలవాళ్లకూ వచ్చిన లక్షణాలను ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్నారు. 1975లో వాళ్లు ఆరోగ్య శాఖకు ఫిర్యాదు చేశాక యేల్ విశ్వవిద్యాలయం నుంచి ఆలెన్ స్టీర్ అనే యువ వైద్యుడు రంగంలోకి దిగారు. ఆయన బృందం 1977లో ప్రచురించిన అధ్యయనంలో 51 మంది రోగులున్నారు, వారిలో 39 మంది పిల్లలు. చాలామందికి జబ్బు ఎండాకాలంలోనే మొదలైంది. ఊరి నడిమధ్య కంటే చెట్లు దట్టంగా ఉన్న శివారు ఇళ్లలోనే ఎక్కువమంది పడ్డారు. కొందరు మోకాలు వాచడానికి కొన్ని వారాల ముందు ఒంటిమీద మెల్లగా విస్తరించిన ఎర్రటి మచ్చను గుర్తు చేసుకున్నారు.

ఆ మచ్చ యూరప్ వైద్యులకు కొత్తది కాదు. స్వీడన్‌కు చెందిన చర్మవైద్యుడు ఆర్విడ్ అఫ్జీలియస్ 1909లోనే పిడుదు కాటు చుట్టూ వ్యాపించే అలాంటి మచ్చను వర్ణించారు. ఆ తీగ పట్టుకుని అమెరికా పరిశోధకులు పిడుదుల వైపు చూశారు. మోంటానాలోని రాకీ మౌంటెన్ ప్రయోగశాలలో పనిచేసే విల్లీ బర్గ్‌డార్ఫర్, న్యూయార్క్ దగ్గరి షెల్టర్ ఐలండ్ నుంచి వచ్చిన పిడుదులను కోసి చూస్తూ, వాటి పేగుల్లో స్క్రూలా మెలితిరిగిన బ్యాక్టీరియాను కనిపెట్టారు. 1982లో ఆ ఫలితం ప్రచురితమైంది. ఆ సూక్ష్మజీవికి ఆయన పేరిటే బొరీలియా బర్గ్‌డార్ఫెరీ అని నామకరణం జరిగింది. బ్యాక్టీరియా దొరికింది పిడుదు పేగుల్లో. నోటికీ పేగుకూ మధ్య ఉన్న ఆ కాస్త దూరమే మన వాదనకు ఆయువుపట్టు. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు పిడుదు బతుకు తెలియాలి.

రెండేళ్ల బతుకు, మూడు భోజనాలు

ఈశాన్య అమెరికాలో లైమ్‌ను మోసేది ఇక్సోడిస్ స్కాప్యులారిస్. జింక పిడుదు అని పిలుస్తారు. గుడ్డు దాటాక దానికి మూడు దశలు: ఆరు కాళ్ల డింభకం, ఎనిమిది కాళ్ల నింఫ్, పెద్ద పిడుదు. సుమారు రెండేళ్ల జీవితంలో ఒక్కో దశలో ఒక్కసారే నెత్తురు తాగుతుంది. గుడ్డులోంచి వచ్చే డింభకంలో లైమ్ బ్యాక్టీరియా ఉండదనే చెప్పొచ్చు. మొదటి భోజనం తెల్లకాళ్ల ఎలుక మీద దొరికితే, ఆ ఎలుక నెత్తుర్లో బ్యాక్టీరియా ఉంటే, అది పిడుదు పేగులోకి చేరి అక్కడే ఉండిపోతుంది. మరుసటి ఏడాది వసంతం చివర్లో నింఫ్‌గా మారిన పిడుదు రెండో భోజనం కోసం బయల్దేరుతుంది. ఆ భోజనం మనిషి అయితే, నిరుడు ఎలుక నుంచి తెచ్చుకున్నది మనిషికి చేరే అవకాశం ఉంది. జింక పాత్ర గురించి చాలామందికి అపోహ ఉంది. జింక పెద్ద పిడుదులను పోషించి వాటి సంతతిని పెంచుతుంది కానీ తన నుంచి పిడుదుకు బ్యాక్టీరియాను ఇవ్వదు. జబ్బుకు ఖజానా ఎలుక.

ఈశాన్య రాష్ట్రాల్లో కొన్నిచోట్ల పెద్ద పిడుదుల్లో సగం దాకా బ్యాక్టీరియా ఉంటుంది, నింఫ్‌లలో నాలుగింట ఒకటి దాకా. ఈ లెక్క చూస్తే పెద్దదే ఎక్కువ ప్రమాదమనిపిస్తుంది. జరిగేది వేరు. పెద్దది నువ్వుగింజంత ఉండి త్వరగా కంటపడుతుంది, మనిషి దాన్ని తీసిపారేస్తాడు. గసగసమంత, అంటే ఒకటి రెండు మిల్లీమీటర్లుండే నింఫ్ కంటపడదు. పైగా నింఫ్‌లు చురుగ్గా తిరిగే మే నుంచి జులై వరకు కాలం, మనుషులు పొట్టి నిక్కర్లతో బాటలెక్కే కాలం ఒక్కటే. బ్యాక్టీరియా తక్కువ మోసినా మనుషులకు జబ్బు ఎక్కువగా తెచ్చేది నింఫే కావడానికి కారణం, అది మన ఒంటిమీద సంపాదించుకునే సమయం.

పిడుదు ఎగరలేదు, దూకలేదు, చెట్టుమీంచి రాలి మీద పడదు. గడ్డిపోచ అంచుకో, ఎండుటాకుల మీదికో ఎక్కి, వెనక కాళ్లతో పట్టుకుని ముందు కాళ్లు గాల్లోకి చాచి ఎదురుచూస్తుంది. ఆ ముందు కాళ్ల చివర ఉన్న హాలర్ అవయవం మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, ఒంటి వేడిని పసిగడుతుంది. ఏదైనా రాసుకుంటూ వెళ్లగానే దాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ పరుగు అలవాటున్నవాళ్లు వేసే మొదటి ప్రశ్న సహజమైనది: నడిచేవాణ్ణి పట్టుకోవచ్చు గానీ గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాణ్ణి అంత చిన్న జీవి ఎలా పట్టుకుంటుంది? పిడుదుకు వెంటబడే పని లేదు. కాలు గడ్డిని తాకిన క్షణం దానికి చాలు, ఆ క్షణం పరుగులోనూ ఉంటుంది. వేగం కంటే దారి వెడల్పు ముఖ్యం. గడ్డి తగలని వెడల్పాటి మట్టిదారి మధ్యలో పరిగెత్తినప్పుడు పిడుదు ఎక్కే అవకాశం తక్కువ. రెండు వైపులా మొక్కలు కాళ్లకు రాసుకునే సన్నబాటలో ఎక్కువ. దారి పక్కన దుంగ మీద కూర్చుని లేసులు కట్టుకోవడం, గడ్డిలో చేరి కండరాలు సాగదీసుకోవడం, మూత్రానికని పొదల్లోకి వెళ్లడం ఇంకా ఎక్కువ.

పరుగుదారుల లెక్క

ఈ వాదనకు ప్రత్యక్ష సాక్ష్యం స్విట్జర్లండ్‌లో దొరికింది. పటం, దిక్సూచి పట్టుకుని బాటలు వదిలి అడవుల గుండా పరిగెత్తే ఆటను ఓరియెంటీరింగ్ అంటారు. పిడుదులతో ఇంతకంటే దగ్గరి సంబంధం ఉన్న క్రీడ మరొకటి ఊహించడం కష్టం. 1991లో వెలువడిన ఒక అధ్యయనంలో 950 మంది స్విస్ ఓరియెంటీరింగ్ క్రీడాకారుల నెత్తుటిని పరీక్షించారు. నూటికి 26 మందిలో లైమ్ బ్యాక్టీరియాకు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలు కనబడ్డాయి. పోలిక కోసం తీసుకున్న మామూలు జనంలో అది నాలుగు నుంచి ఆరు శాతం. అంటే అడవిలో పరిగెత్తేవాళ్ల ఒంట్లోకి బ్యాక్టీరియా చేరడం మిగతావాళ్ల కంటే నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ. వేగం కాపాడుతుందన్న వాదనకు ఇదే జవాబు. కానీ అదే అధ్యయనంలో మరో సగం ఉంది. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్షించిన 558 మందిలో 45 మందికి కొత్తగా యాంటీబాడీలు వచ్చాయి. ఆ 45 మందిలో జబ్బు లక్షణాలు కనబడింది ఒక్కరికే. భయపడి అడవి మానేయమనేవాళ్లకు జవాబు ఈ సగంలో ఉంది. బ్యాక్టీరియా తగలడం వేరు, జబ్బు పడటం వేరు.

పిడుదు కుట్టాక జబ్బు వచ్చే అవకాశం ఎంత అన్న ప్రశ్నకు ఇంకా నేరుగా జవాబిచ్చింది న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌చెస్టర్ కౌంటీలో జరిగి, 2001లో ప్రచురితమైన పరీక్ష. లైమ్ విపరీతంగా ఉన్న ఆ ప్రాంతంలో జింక పిడుదు కుట్టిన 482 మందిని తీసుకున్నారు. పిడుదును తీసిన 72 గంటల్లోపు సగం మందికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒకే మోతాదు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు తీసుకున్న 235 మందిలో ఒకరికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 247 మందిలో 8 మందికి మచ్చ వచ్చింది. ఏ మందూ లేకపోయినా నూటికి ముగ్గురికే జబ్బు వచ్చిందన్నమాట. మందు వేసుకోనివాళ్ల వివరాల్లోకి వెళితే అసలు సంగతి తెలుస్తుంది. నెత్తురు తాగి కొంత ఉబ్బిన నింఫ్ కుట్టినవాళ్లలో దాదాపు నూటికి పదిమందికి జబ్బు వచ్చింది. ఇంకా చదునుగా ఉన్న, అంటే పట్టి ఎంతోసేపు కాని నింఫ్ కుట్టినవాళ్లలో ఒక్కరికీ రాలేదు. ఊరు ఒకటే, రుతువు ఒకటే, పిడుదు జాతి ఒకటే. తేడా అది ఒంటిమీద ఉన్న గంటల్లో ఉంది.

ఎందుకలా? బర్గ్‌డార్ఫర్ చూసిన చోటే జవాబుంది. ఆకలితో ఉన్న పిడుదులో బ్యాక్టీరియా నోట్లో ఉండదు, పేగు గోడకు అంటుకుని ఉంటుంది. అలా అంటుకోవడానికి ఓస్ప్-ఏ అనే ప్రొటీన్ తోడ్పడుతుంది. వెచ్చటి నెత్తురు పేగులోకి రావడం మొదలయ్యాక బ్యాక్టీరియా తన పైపొరను మార్చుకుంటుంది. ఓస్ప్-ఏ తగ్గి ఓస్ప్-సి అనే ఇంకో ప్రొటీన్ తయారవుతుంది. సంఖ్య పెంచుకుని, పేగు దాటి, లాలాజల గ్రంథులకు చేరి, అప్పుడు మన చర్మంలోకి దిగుతుంది. ఈ ప్రయాణానికి వ్యవధి కావాలి. అమెరికా జింక పిడుదు విషయంలో సాధారణంగా 24 గంటలకు పైగా అంటుకుని ఉంటేనే బ్యాక్టీరియా మనిషికి చేరుతుంది, 36 గంటలు దాటాక ప్రమాదం బాగా పెరుగుతుంది. దీనికి మరో రుజువు 1998లో అమెరికాలో అనుమతి పొందిన లైమ్‌రిక్స్ టీకా. అది మనిషి ఒంట్లో ఓస్ప్-ఏ మీద యాంటీబాడీలను తయారు చేసేది. పిడుదు తాగే నెత్తురుతో పాటు ఆ యాంటీబాడీలు దాని పేగులోకి వెళ్లి, బ్యాక్టీరియా బయల్దేరకముందే అక్కడే చంపేవి. మూడు మోతాదుల తర్వాత సుమారు 76 శాతం రక్షణ ఇచ్చిన ఆ టీకాను, దుష్ఫలితాల భయాల మధ్య అమ్మకాలు పడిపోవడంతో, తయారీ సంస్థ 2002లో ఉపసంహరించుకుంది. అదే సూత్రంపై తయారైన కొత్త టీకాపై 2022లో పెద్ద ఎత్తున పరీక్షలు మొదలయ్యాయి. పిడుదు పేగులోనే బ్యాక్టీరియాను ఆపొచ్చంటే, అది అక్కడ కొంతసేపు ఆగి ఉంటుందన్నది నిజమన్నమాట.

రెండు అభ్యంతరాలు

నూటికి మూడే అయితే ఇంత హడావిడి దేనికి అని ఎవరైనా అడగొచ్చు. ఒక్క కాటుకు ఆ లెక్క నిజం. పరిగెత్తేవాడి జీవితం ఒక్క కాటుతో ముగియదు. వారానికి నాలుగు రోజులు సన్నబాటల్లో తిరిగే మనిషికి ఏడాదికి అయిదు పిడుదులు పట్టాయనుకుందాం. పదేళ్లలో 50 కాట్లు. ఒక్కోదానికి నూటికి మూడు చొప్పున లెక్కిస్తే కనీసం ఒక్కసారైనా జబ్బు పడే అవకాశం నాలుగింట మూడు వంతులు దాటుతుంది. ఇది ఊహా లెక్కే, అయినా చిన్న ప్రమాదాన్ని రోజూ పలకరించేవాడి పరిస్థితిని అది చూపిస్తుంది. బీమా రికార్డుల ఆధారంగా అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వేసిన అంచనా ప్రకారం ఆ దేశంలో ఏటా సుమారు 4,76,000 మంది లైమ్‌కు చికిత్స పొందుతున్నారు. అన్నీ చిన్న చిన్న అవకాశాలు పోగైన మొత్తమే ఇది. అయితే ఇదే గుణకారం మనకు మేలు కూడా చేస్తుంది. ప్రతి కాటు ప్రమాదాన్నీ త్వరగా కనిపెట్టడం ద్వారా బాగా తగ్గించగలిగితే ఆ తగ్గుదలా యాభైసార్లు కలిసొస్తుంది. రోజూ చేసే చిన్న పనికి ఇంత విలువ రావడం అందుకే.

ఇంతకంటే బలమైన అభ్యంతరం రెండోది: 24 గంటల గడువును నమ్ముకోవచ్చా? పూర్తిగా నమ్ముకోకూడదు. అది అమెరికా పిడుదు గురించి, లైమ్ గురించి చెప్పే మాట. యూరప్‌లో బొరీలియా అఫ్జీలీ అనే దగ్గరి జాతి ఇంకా త్వరగా చేరగలదు. మధ్య, ఉత్తర యూరప్‌లలో ఇక్సోడిస్ రిసినస్ తెచ్చే మెదడువాపు వైరస్‌కు నిమిషాలు చాలు, ఎందుకంటే అది ముందే లాలాజలంలో ఉంటుంది. ఆ వైరస్‌కు టీకా ఉంది, అక్కడి అడవుల్లో పరిగెత్తేవాళ్లు వేయించుకోవాల్సిన టీకా. అమెరికాలో చాలా అరుదైన పొవాసన్ వైరస్ కూడా పావుగంటలో చేరగలదు. ఈ నిజాలు మన వాదనను పడగొట్టవు, పదును పెడతాయి. గడువు ఉంది కదా అని రేపటికి వాయిదా వేసే హక్కు మనకు రాదు. ఎంత త్వరగా తీస్తే అంత మేలన్న నియమం అన్ని సూక్ష్మజీవులకూ వర్తిస్తుంది. నిమిషాల్లో చేరే వైరస్‌ల విషయంలో అసలు కుట్టనివ్వకపోవడమే దారి కాబట్టి, ఒంటి తనిఖీతో పాటు బట్టల గురించీ ఆలోచించాలి.

ఇంటికొచ్చాక

పెర్మెత్రిన్ అనే మందును బట్టలకూ బూట్లకూ పట్టిస్తే వాటిమీద పాకే పిడుదులు చస్తాయి. రోడ్ ఐలండ్, మసాచుసెట్స్‌లలో ఆరుబయట పనిచేసేవారిపై జరిగిన పరీక్షలో, మందు పట్టించిన బట్టలు వేసుకున్నవాళ్లకు పిడుదు కాట్లు మొదటి ఏడాది 65 శాతం, రెండో ఏడాది 50 శాతం తగ్గాయి. ఎండాకాలంలో పొడుగు ప్యాంటుతో పరిగెత్తలేని మనిషికి మందు పట్టించిన మేజోళ్లు, బూట్లు ఎంతో నయం, ఎందుకంటే నింఫ్ ఎక్కేది నేల దగ్గరి నుంచే. పెర్మెత్రిన్ చర్మానికి పూసుకునేది కాదు, తడిగా ఉన్నప్పుడు పిల్లులకు విషం. చర్మానికి డీట్, పికారిడిన్ వంటివి ఉన్నాయి, చెమటకు కారిపోతాయి కాబట్టి దూరపు పరుగుల్లో వాటి మీదే భారం వేయలేం.

అసలైన పని ఇంట్లో ఉంది. ఒంటిమీదికెక్కిన పిడుదు వెంటనే కుట్టదు, మెత్తటి చోటు వెతుక్కుంటూ పాకుతుంది. ఆ వెతుకులాటలో ఉన్న పిడుదు స్నానపు నీటికి కొట్టుకుపోతుంది. కనెక్టికట్‌లో లైమ్ వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చూసిన అధ్యయనంలో, బయట తిరిగొచ్చిన రెండు గంటల్లోపు స్నానం చేయడం, 36 గంటల్లోపు ఒళ్లంతా వెతుక్కోవడం అలవాటున్నవారికి ముప్పు సుమారు సగానికి తగ్గినట్టు తేలింది. విప్పిన బట్టలను ఉతికే ముందే డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పాలి. పిడుదు నీళ్లలో బతకగలదు గానీ పొడి వేడికి చస్తుంది. కళ్లు ఒక్కటే చాలవు, వేళ్లతో తడమాలి. మోకాలి మడతలు, గజ్జలు, నిక్కరు ఎలాస్టిక్ కింద, బొడ్డు, చంకలు, చెవుల వెనక, జుట్టు మొదళ్లు, కాలి వేళ్ల సందులు. పిడుదు లాలాజలంలో నొప్పి తెలియనివ్వని పదార్థాలున్నాయి కాబట్టి కుట్టినట్టు తెలియలేదు కదా అన్నది సాక్ష్యం కాదు. లైమ్ వచ్చినవాళ్లలో చాలామందికి పిడుదును చూసిన జ్ఞాపకమే ఉండదు.

కనబడితే సన్న మొనల ట్వీజర్‌తో చర్మానికి వీలైనంత దగ్గరగా తల భాగంలో పట్టుకుని, మెలిపెట్టకుండా, నిలకడగా పైకి లాగాలి. నోటి ముక్క కొంచెం లోపల మిగిలినా దాని కోసం చర్మాన్ని కెలకొద్దు, బ్యాక్టీరియా ఉండే పేగు పిడుదుతో పాటు వచ్చేసింది. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్, వ్యాజిలిన్, గోళ్ల రంగు పూయడం వంటివి వద్దు. పిడుదు తనంతట తానే ఊడే వరకు వేచి చూడటమంటే సూక్ష్మజీవికి అదనపు సమయం ఇవ్వడమే. లైమ్ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో, 36 గంటలకు పైగా అంటుకుని ఉన్న జింక పిడుదు అయితే, తీసిన 72 గంటల్లోపు వైద్యుణ్ణి కలిసి ఒకే మోతాదు డాక్సీసైక్లిన్ గురించి అడగాలి. వెస్ట్‌చెస్టర్ పరీక్ష ఫలితం ఇవాళ్టి వైద్యంలో ఇలా ఉపయోగపడుతోంది.

చర్మం, ఆ తర్వాత మోకాలు

ఇంత చేసినా ఒక పిడుదు తప్పించుకోవచ్చు. అప్పుడు మరో గడువు మొదలవుతుంది, ఈసారి రోజుల్లో. కాటు తర్వాత 3 నుంచి 30 రోజుల్లోపు, సగటున వారానికి, నూటికి 70, 80 మందిలో మచ్చ కనబడి మెల్లగా విస్తరిస్తుంది. దీనికి నొప్పీ దురదా అంతగా ఉండవు. కాటు వేసిన రోజే వచ్చే చిన్న ఎర్రదనం ఇది కాదు, అది ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కరపత్రాల్లో ఈ మచ్చను విలుకాడి గురిబిళ్లలా వలయాలతో చూపిస్తారు. నిజానికి చాలా మచ్చలు వలయాలు లేకుండా ఒకే రంగులో ఉంటాయి. పైగా ఆ బొమ్మలు తెల్లటి చర్మం మీదివి. చామనఛాయ, నల్లటి చర్మం మీద ఎరుపు స్పష్టంగా కనబడదు, కమిలిన గాయంలా ఊదా, గోధుమ ఛాయల్లో ఉండొచ్చు. అమెరికాలో నల్లజాతివారికి జబ్బు ముదిరిన దశలో బయటపడటం ఎక్కువని పరిశీలనలు చెబుతున్నాయి. అక్కడ ఉండే తెలుగువాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. రంగు కంటే విస్తరణ నమ్మదగ్గ గుర్తు. మచ్చ అంచున పెన్నుతో గీత గీసి, తేదీ వేసి ఫోటో తీసుకుంటే రెండు రోజుల్లో సంగతి తెలుస్తుంది.

ఈ దశలో నెత్తుటి పరీక్ష చేయించి లేదని తేలితే ఊరట పడటం పొరపాటు. ఆ పరీక్ష యాంటీబాడీలను వెతుకుతుంది, అవి తయారవడానికి వారాలు పడుతుంది. లైమ్ ఉన్న ప్రాంతంలో విస్తరించే మచ్చ కనబడితే వైద్యులు పరీక్ష కోసం ఆగకుండా చికిత్స మొదలుపెడతారు. డాక్సీసైక్లిన్ అయితే 10 నుంచి 14 రోజులు, ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. ఈ దశ కూడా దాటిపోతే పరిగెత్తేవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. నెలల తర్వాత వచ్చే లైమ్ కీళ్లవాతం ఎక్కువగా పట్టేది మోకాలినే. మోకాలు వాస్తే అది పరుగు వల్లే అనుకోవడం ఈ క్రీడలో సహజం, ఐసు పెట్టి, విశ్రాంతి తీసుకుని, బూట్లు మార్చి నెలలు గడిపేస్తారు. దెబ్బ తగిలిన జ్ఞాపకం లేకుండా, నొప్పి తక్కువగా నీరు ఎక్కువగా చేరి ఉబ్బిన మోకాలు పిడుదుల ప్రాంతంలో ఉండేవాడిదైతే వైద్యుడికి ఆ మాట చెప్పాలి. మొహం ఒకవైపు వాలిపోవడం, పరుగులో కళ్లు తిరిగి పడిపోవడం ఇంకా తొందర అవసరమైన సంకేతాలు. రెండోది అరుదైనదే గానీ గుండె కొట్టుకునే తీరును బ్యాక్టీరియా దెబ్బతీసిందని అర్థం కావొచ్చు.

చికిత్స తర్వాత కూడా కొద్దిమందిలో అలసట, ఒళ్లునొప్పులు నెలల తరబడి ఉంటాయి. అది వాళ్ల ఊహ కాదు, నిజమైన బాధ. అయితే బాధ నిజమైనంత మాత్రాన నెలల తరబడి యాంటీబయాటిక్‌లు వాడాలన్న సలహా నిజం కాదు. అమెరికాలో జరిగి 2001లో, నెదర్లాండ్స్‌లో జరిగి 2016లో ప్రచురితమైన జాగ్రత్తైన పరీక్షల్లో దీర్ఘకాలపు మందుల వల్ల అదనపు మేలు కనబడలేదు. ముదిరాక విప్పడం కష్టమైన ముడి ఇది. మొదటి గంటల మీద ఇంత పట్టుబట్టడానికి ఇది ఇంకో కారణం.

ఈ భయాన్ని ఉన్నదున్నట్టు మన ఊళ్లకు దిగుమతి చేసుకోకూడదు. తెలుగు రాష్ట్రాల్లో పిడుదులు బోలెడున్నా లైమ్ ఇక్కడి ప్రధాన సమస్య కాదు. ఇక్కడి పొదల దారుల్లో ముందుగా తలచుకోవాల్సింది నల్లులను పోలిన సూక్ష్మమైన పురుగు పిల్లలు తెచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం. కాటు చోట నల్లటి పొక్కు దాని గుర్తు, దానికీ డాక్సీసైక్లినే మందు. పొరుగున కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో 1957లో బయటపడిన క్యాసనూర్ అడవి జ్వరాన్ని మాత్రం పిడుదులే తెస్తాయి, అది వైరస్ జబ్బు. జబ్బులు వేరు, అలవాటు ఒకటే.

అడవి బాట గుండెకు, మనసుకు చేసే మేలు చిన్నది కాదు. ఏడాది పొడవునా అందే ఆ మేలును, పది నిమిషాల తనిఖీతో బాగా తగ్గించగల ప్రమాదం కోసం వదులుకోవడం సరైన బేరం కాదు. పరుగు ముగించి గడప దాటిన మనిషి ముందు మూడు గడువులుంటాయి: స్నానానికి రెండు గంటలు, పిడుదును పట్టుకోవడానికి ఒక పగలూ ఒక రాత్రీ, మచ్చను కనిపెట్టడానికి ముప్పై రోజులు. పిడుదును తీసిన రోజున క్యాలెండర్‌లో ఆ తేదీ రాసి, ముప్పయ్యో రోజు దగ్గర ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. ఆ గుర్తు దాటే వరకు రోజూ స్నానం చేసేటప్పుడు కాటు చోటును ఓసారి చూసుకోవాలి. మర్నాడు పరుగు మానాల్సిన పని లేదు.